అమెరికాలో వేటకు తొలి రైఫిల్.. తక్కువ బడ్జెట్‌లో ఏది బెస్ట్? వీసాపై ఉన్నవాళ్లు ముందు ఇది తెలుసుకోవాల్సిందే!

అమెరికాలో చలి మొదలయ్యే ముందు చాలా రాష్ట్రాల్లో జింకల వేట సీజన్ వచ్చేస్తుంది. ఆఫీసులో పక్క సీటు వాళ్లు సెలవు పెట్టి అడవి బాట పడతారు. వాళ్లతో కలిసి ఏడాదికి ఒకట్రెండు సార్లు వెళ్దామనుకునే తెలుగువాళ్లకు వచ్చే మొదటి డౌట్ ఒక్కటే. ఏ రైఫిల్ కొనాలి? తక్కువ ధరలో మంచిది దొరుకుతుందా? దొరుకుతుంది. అయితే షాపుకు వెళ్లేముందు చూసుకోవాల్సింది ధర కాదు.. వీసా!

వీసాపై ఉంటే కొనొచ్చా?

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు శిక్ష పడొచ్చు. వీసా భవిష్యత్తు కూడా ప్రమాదంలో పడుతుంది.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో సామాన్యులకు అక్కరకొచ్చేది ఒకటుంది. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండాలి. లైసెన్స్ గడువు ముగిసిందా.. మినహాయింపు కూడా పోయినట్టే. ఇంట్లో రైఫిల్ ఉన్నంతకాలం లైసెన్స్ రెన్యువల్ మర్చిపోకూడదన్నమాట. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ షరతు లేదు.

ఇక "గ్రీన్ కార్డు ఉన్న ఫ్రెండ్ పేరు మీద కొనేద్దాం" అనుకుంటే అది ఇంకో పెద్ద నేరం. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు ఎవరన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ అబద్ధం రాస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు. ఏ చిన్న అనుమానం ఉన్నా ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగడం మంచిది.

ముందు కోర్సు, తర్వాతే రైఫిల్

చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. ఉదాహరణకు టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవారందరికీ ఈ రూల్ వర్తిస్తుంది. తుపాకీని ఎలా పట్టుకోవాలి, ఎటు గురిపెట్టకూడదు, ఎప్పుడు కాల్చకూడదు అన్నవి ఇందులో నేర్పిస్తారు. తుపాకీ ఎప్పుడూ ముట్టుకోని వారికి ఇది చాలా అవసరం.

బోల్ట్ యాక్షన్ ఎందుకు?

అప్పుడప్పుడు వేటకు వెళ్లేవారికి బోల్ట్ యాక్షన్ రైఫిల్ సరిపోతుంది. ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తర్వాతి తూటా ఎక్కించాలి. భాగాలు తక్కువ, కాబట్టి ధరా తక్కువే. శుభ్రం చేయడం తేలిక. బోల్ట్ వెనక్కి లాగితే లోపల తూటా ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. పైగా పెన్సిల్వేనియాలో జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడటానికి వీల్లేదు. బోల్ట్ యాక్షన్‌కు ఆ సమస్య లేదు.

ఏ క్యాలిబర్ తీసుకోవాలి?

ఊళ్లో ఏ షాపులోనైనా తూటాలు దొరికే క్యాలిబర్ తీసుకోవడమే తెలివైన పని.

• .243 వించెస్టర్: 1955లో వచ్చింది. భుజానికి తగిలే దెబ్బ తక్కువ. కొత్తవారికి, సన్నగా ఉండేవారికి సౌకర్యం. జింకకు సరిపోతుంది.

• 6.5 క్రీడ్‌మోర్: 2007లో వచ్చింది. దెబ్బ ఓ మోస్తరు. దూరం నుంచి గురికి మంచి పేరుంది.

• .308 వించెస్టర్: 1952 నుంచి ఉంది. జింకతో పాటు అడవి పందికీ పనికొస్తుంది. దెబ్బ కాస్త గట్టిగానే ఉంటుంది.

.22 రిమ్‌ఫైర్ చవక కదా అని దానితో జింక వేటకు వెళ్లొద్దు. టెక్సస్ సహా చాలా రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధం. గాయపడ్డ జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది కూడా. .22ను ప్రాక్టీస్‌కే పరిమితం చేయాలి.

ఒహాయోలో ఉండేవారికి మరో ముఖ్య విషయం. అక్కడ జింకల వేటకు స్ట్రెయిట్ వాల్ రకం తూటాలు వాడే రైఫిళ్లనే అనుమతిస్తారు. అంటే .350 లెజెండ్ లాంటివి. పైన చెప్పిన మూడూ అక్కడ చెల్లవు. అందుకే ముందు మీ రాష్ట్రం రూల్స్ చూసుకుని, ఆ తర్వాతే క్యాలిబర్ ఎంచుకోండి.

బడ్జెట్ రైఫిళ్లు ఇవే

సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియాట్, వించెస్టర్ ఎక్స్‌పీఆర్.. ఎంట్రీ లెవల్‌లో ఎక్కువగా వినిపించే పేర్లివి. మోడల్‌ను బట్టి సుమారు 400 నుంచి 650 డాలర్ల మధ్య దొరుకుతాయి. వీటిలో కొన్ని స్కోప్ బిగించిన ప్యాకేజీగానూ వస్తాయి.

మరి ఖరీదైన రైఫిల్‌తో తేడా ఏంటి? చెక్క పనితనం, బోల్ట్ నునుపు, ఫినిషింగ్.. ఎక్కువగా ఇవే. గురి విషయంలో ఈ చవక రైఫిళ్లు తక్కువేం తినలేదు. 100 గజాల దూరంలో తూటాలన్నీ అంగుళం, అంగుళంన్నర పరిధిలో పడటం వీటికి మామూలే. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 8 అంగుళాల వెడల్పు ఉంటుంది. కాబట్టి గురి తప్పితే లోపం చాలావరకు రైఫిల్‌ది కాదు, ప్రాక్టీస్‌ది.

డబ్బంతా రైఫిల్‌కే పెట్టేయొద్దు

చేతిలో 900 డాలర్లు ఉన్నాయనుకుందాం. రైఫిల్‌కు 450, స్కోప్‌కు 200 పక్కన పెట్టాలి. మిగిలిన 250లో తూటాలు, చెవులకు రక్షణ, లాక్, రేంజ్ ఫీజు సర్దుకోవాలి. 3-9 రెట్లు పెద్దగా చూపించే మామూలు స్కోప్ చాలు. సీజన్‌కు ముందు కనీసం రెండు మూడు సార్లు రేంజ్‌కు వెళ్లి స్కోప్ సరిచేసుకుని, వేటలో వాడబోయే తూటాలతోనే కాల్చి చూడాలి. 900 డాలర్ల రైఫిల్ కొని ప్రాక్టీస్ లేకుండా అడవికి వెళ్లేవారి కంటే వీళ్లే నయం.

షాపులో ఇవి చెక్ చేయండి

• రైఫిల్ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకున్నాకే చేతిలోకి తీసుకోండి.

• భుజానికి ఆనించినప్పుడు మెడ సాచకుండానే స్కోప్‌లో బొమ్మ పూర్తిగా కనిపించాలి. పొడవు ఎక్కువనిపిస్తే కాంపాక్ట్ మోడల్ అడగండి.

• సేఫ్టీ బటన్ బొటనవేలికి తేలిగ్గా అందాలి.

• సెకండ్ హ్యాండ్ అయితే గొట్టం లోపల తుప్పు, స్టాక్‌పై పగుళ్లు చూడండి. సీరియల్ నంబర్‌తో రీకాల్ ఉందేమో తెలుసుకోండి. ట్రిగ్గర్ సమస్యతో రెమింగ్టన్ 700 మోడల్‌లో కొన్నింటిపై 2014లో రీకాల్ ప్రకటించారు.

ఇంటికొచ్చాక..

పిల్లలున్న ఇంట్లో రైఫిల్ తాళం వేసి ఉండాలి. తూటాలు వేరే చోట, అవీ తాళంలోనే ఉండాలి. వేటకు తీసుకెళ్లిన బ్యాగునే ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెట్టే అవకాశం ఉంది. అక్కడి అలవాటుతో సొంతూళ్లో వేట ఆలోచన అసలే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ జింకను వేటాడటం జైలుశిక్ష పడే నేరం.