పొనుకు కిరీటము

గద్వాల, వనపర్తి సంస్థానములనగనే రాజమకుటములు స్ఫురించును. 1949లో జాగీర్ల రద్దుతో ఆ ప్రభువుల యధికార మంతరించెను. 1959లో వనపర్తి రాజసౌధము పాలిటెక్నిక్ విద్యాలయ మయ్యెను. నేడు నేను చెప్పబోవు కిరీటము వేఱు. అది గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు సీమల పల్లెలలో చిందు భాగవతమున రాజకుమారి శశిరేఖ ధరించినది.

దాని నిర్మాణమును బాల్యమున మా యూర కన్నులార గాంచితిని. తేలికయగు పొనుకు కఱ్ఱను ఉలితో తొలిచి, చింతగింజల జిగురుతో ముక్కల నతికి, ఎండిన పిదప పసుపువన్నె పూసిరి. కాకిబంగారము కెంపులుగను, అద్దపు బిళ్ళలు వజ్రములుగను అమరెను. నిజమైన బంగారమైనచో మెడ వంగును. తెల్లవారువఱకు చిందు త్రొక్కు నటికి తేలికయే ప్రధానము. పెట్రోమాక్సు దీపపు వెలుగు నొక్కొక్క యద్దము పట్టి సభపై చల్లెడిది.

చిందువారు మాదిగల నాశ్రయించి, వంశక్రమముగా తమకు హక్కున్న గ్రామములలో ఆడువారు. కుతూహలమున నేనా కిరీటమును ముట్టితిని. ఇంటివారు నాకు స్నానము చేయించిరి. రాత్రి రాజకుమారికి చేతులు మోడ్చిన యూరే పగలు ఆ నటికి బావినీరు నిరాకరించెను. 1950లోనే రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినను, మా యూరికా మాట చేరలేదు.

రాజమకుటములను వర్ణింప ఆస్థానకవులుండిరి. పొనుకు కిరీటమును తొలిచిన చేతులను ఏ శాసనమును పేర్కొనలేదు. వ్యాకరణము నేర్చితిని, పాఠములు చెప్పితిని. ఆనాటి స్నానమునకు మాత్రము నేటికిని సిగ్గుపడుచున్నాను.