రోము ద్వారాలు తెరిచిందెవరు?

'ఫాసిజం' అనే మాటకు మూలం ఇటలీ భాషలోని 'ఫాషో'. దానికి 'కట్ట' అని అర్థం. సంఘమనే అర్థంలోనూ వాడేవారు. 1890లలో సిసిలీ ద్వీపపు రైతులు, కూలీలు తమ సంఘాలకు పెట్టుకున్న పేరు ఇదే. అదే మాట తరువాత కూలీ సంఘాలను అణచివేసిన ఉద్యమానికి పేరు కావడం గమనార్హం.

ముసోలినీ 1919 మార్చి 23న మిలాన్ నగరంలో తన సంఘాన్ని స్థాపించాడు. ఆ నవంబరు ఎన్నికలలో మిలాన్‌లో దానికి ఒక్క స్థానమైనా దక్కలేదు. మరి మూడేళ్లలో రాజ్యాధికారం ఎలా చేజిక్కింది? రోముపై దండెత్తి గెలిచామని ఫాసిస్టులు ప్రచారం చేసుకున్నారు. వాస్తవం వేరు.

1920లో కార్మికులు కర్మాగారాలను ఆక్రమించారు. పో నదీ మైదానంలో వ్యవసాయ కూలీల సంఘాలు బలపడ్డాయి. భయపడిన భూస్వాములు నల్లచొక్కాల దళాలకు ధనసహాయం చేశారు. ఆ దళాలు సంఘ కార్యాలయాలను తగలబెడుతుంటే పోలీసులు చాలాచోట్ల చూస్తూ ఊరుకున్నారు. 1921 ఎన్నికలలో వృద్ధ ప్రధాని జొలిత్తీ ఫాసిస్టులను తన కూటమిలో చేర్చుకున్నాడు. పార్లమెంటులో అడుగుపెడితే వారే దారికి వస్తారని ఆయన లెక్క. అలా 35 మంది సభకు వచ్చారు.

1922 అక్టోబరు 28న నల్లచొక్కాల దళాలు రోమువైపు కదిలినప్పుడు ప్రధాని ఫాక్తా మార్షల్ లా ఉత్తర్వు సిద్ధం చేశాడు. రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం చేయలేదు. సైన్యం కదలలేదు. మిలాన్‌లో వేచి ఉన్న ముసోలినీ రాజు పిలుపుపై రాత్రి రైలెక్కి, 30వ తేదీన రోము చేరి ప్రధాని అయ్యాడు. నవంబరులో పార్లమెంటు 306-116 ఓట్లతో విశ్వాసం ప్రకటించింది. ఆ 306లో ఫాసిస్టులు రమారమి పదో వంతు మాత్రమే!

1923లో చేసిన చట్టం ప్రకారం, కనీసం నాలుగో వంతు ఓట్లతో ప్రథమ స్థానంలో నిలిచిన పక్షానికి మూడింట రెండు వంతుల స్థానాలు లభిస్తాయి. 1924 ఎన్నికల దౌర్జన్యాలను సభలో ఎండగట్టిన సోషలిస్టు సభ్యుడు మత్తెయోత్తీని జూన్ 10న అపహరించి చంపారు. ప్రతిపక్షాలు సభను బహిష్కరించి రాజు జోక్యం కోసం ఎదురుచూశాయి. రాజు మౌనం వహించాడు. 1926లో ఇతర పార్టీలన్నీ నిషేధానికి గురయ్యాయి. ఇంత జరిగినా 1848 నాటి రాజ్యాంగాన్ని ఎవరూ రద్దు చేయలేదు.

ఈ వ్యవహారంలో ఏ ఓటూ లేని లిబియా ప్రజలు కూడా దాని మూల్యం చెల్లించారు. 1911లో లిబియాపై దండెత్తింది జొలిత్తీ ప్రభుత్వమే. ఫాసిస్టులు ఆ దురాక్రమణను మరింత క్రూరంగా సాగించారు. 1930లో తూర్పు లిబియాలో సుమారు లక్షమందిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. వేలాదిమంది అక్కడే మరణించారు. ప్రతిఘటనకు నాయకత్వం వహించిన వృద్ధుడు ఉమర్ అల్ ముఖ్తార్‌ను 1931 సెప్టెంబరు 16న ఉరితీశారు. అదే ముసోలినీ 1937లో ట్రిపోలీలో ఖడ్గమెత్తి తాను ఇస్లాం రక్షకుణ్ణని చాటుకున్నాడు!

1943 జులై 25న రాజు ముసోలినీని పదవి నుంచి తొలగించాడు. ఆ అధికారం ఆయనకు ఆనాడు కొత్తగా వచ్చింది కాదు; 1922 నుంచీ ఆయన చేతిలోనే ఉంది.