పేర్లే చేసిన ప్రచారం
2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 1.0 విడుదలైంది. డిసెంబరు 16న న్యూయార్క్ టైమ్స్‌లో దానికి రెండు పేజీల ప్రకటన వచ్చింది. డబ్బు పెట్టింది వాడుకరులే. చందా ఇచ్చిన సుమారు 10 వేల మంది పేర్లు చీమల బారులా అందులో అచ్చయ్యాయి. భూతద్దం లేనిదే చదవలేం, అది వేరే సంగతి. అసలు ప్రచారం ఆ పేర్లదే అంటాను: పత్రికలో తన పేరు పడ్డవాడు నలుగురికీ చూపించకుండా ఉంటాడా? పోటీ బ్రౌజరు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 భద్రతా లోపాలతో విసిగిన జనం ఎలాగూ ఇటే వచ్చేవారని కొందరి వాదన. కొంత నిజమే. కానీ ఫైర్‌ఫాక్స్ వాడే గెకో ఇంజనుతోనే నడిచిన పాత బ్రౌజరు మొజిల్లా సూట్ 2002లోనే 1.0కు చేరినా జనం పెద్దగా పట్టించుకోలేదు. సూట్ బరువు, ఫైర్‌ఫాక్స్ తేలిక. ఆ తేడాను కాదనను. అయితే తేలికని పక్కవాడికి చెప్పడానికీ మనిషి కావాలిగా. 2008 జూన్‌లో ఒక్కరోజులో ఫైర్‌ఫాక్స్ 3ను 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్లతో గిన్నిస్‌కెక్కించిందీ అలాంటి మనుషులే.