దొమ్మ రోగాన్ని పసిగట్టే విద్య

కొరాపుట్ కొండల్లో పశువుల్ని కూల్చే దొమ్మ రోగమూ, సైన్యాలు జీవాయుధాల జాబితాలో ముందుగా చేర్చే ఆంత్రాక్సూ ఒకటే. 1936 దాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనిది. రాయగడ 1992లో కొరాపుట్ నుంచి విడివడింది. హద్దులు మారినా రోగం మారలేదు. ఇటు విశాఖ మన్యంలోనూ అటు కొరాపుట్ పల్లెల్లోనూ, చచ్చిన పశువును కోసి వండుకున్నవారికి నల్లటి చెక్కు కట్టిన, నొప్పి లేని పుండ్లు లేచిన ఉదంతాలు నమోదవుతూనే వచ్చాయి. మాంసం అరుదైన ఇళ్లలో చచ్చిన ఎద్దును పూడ్చిపెట్టమనడం తేలిక కాదు.

ఈ రోగానికి మూలమైన బాసిల్లస్ ఆంత్రాసిస్ జీవితచక్రాన్ని రాబర్ట్ కాక్ 1876లో విప్పి చూపాడు. గాలి తగిలితే అది స్పోర్లుగా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. 1942లో బ్రిటన్ ఆంత్రాక్స్ బాంబుల్ని పరీక్షించిన గ్రూయినార్డ్ దీవి సురక్షితమని 1990లో గాని ప్రకటించలేకపోయారు.

పసిగట్టే పని పశువైద్యుల చేతుల్లో మొదలైంది. కళేబరాన్ని కోయరు. చెవి నరం నుంచి బొట్టు రక్తం తీసి, గాజు పలక మీద పలచగా పూసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేస్తారు. సూక్ష్మదర్శినిలో కొసలు నరికినట్టున్న నీలి కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ పొర కనిపిస్తే రోగం అదే. మెక్‌ఫేడియన్ 1903లో చెప్పిన ఈ పద్ధతి ఇప్పటికీ చెల్లుతోంది. రక్తం దొరకని తోళ్ల కోసం 1911లో అస్కోలి మరో దారి చూపాడు: ఉడికించిన కణజాలపు తేట ప్రతిరక్షకాలున్న సీరాన్ని తాకేచోట తెల్లటి వలయం ఏర్పడుతుంది. నేటి సైనిక కిట్లలోని పట్టీలకూ ప్రతిరక్షకాలే ఆధారం.

యుద్ధభూమిలో చిక్కు వేరు. అక్కడ రక్తపు బొట్టు ఉండదు, దుమ్ములో కలిసిన కణాలుంటాయి. 1979లో స్వెర్ద్‌లోవ్‌స్క్ సైనిక కేంద్రం నుంచి స్పోర్లు లీకైనప్పుడు కనీసం 66 మంది చనిపోయారు. గాలివాలున 50 కిలోమీటర్ల దాకా పశువులు పడిపోయాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇలాంటి కణాల్ని పసిగట్టే సాధనాల లోటు బయటపడ్డాక, అమెరికా సైన్యం 1996లో హమ్వీ వాహనం మీద బిడ్స్ అనే సంచార ప్రయోగశాలను దించింది. అది గాలిని పీల్చి, కణాల పరిమాణం లెక్కగట్టి, అనుమానమున్నవాటిని ద్రవంలోకి దింపి, ప్రతిరక్షకాలతో పరీక్షించేది. భారత్‌లో ఈ రంగపు పరిశోధన గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఈలో సాగుతోంది. అయినా 2001లో అమెరికాలో ఉత్తరాల్లో పంపిన ఆంత్రాక్స్‌ను మొదట పట్టుకున్నది, ఫ్లోరిడాలో ఒక రోగి వెన్ను ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన వైద్యుడు.

కొరాపుట్‌లోనూ మొదటి సూచన ఉన్నట్టుండి చచ్చిన పశువే. ముక్కు నుంచి కారే, గడ్డకట్టని నల్లటి రక్తమే. కబురందితే రక్తపు పూత తీస్తారు, కళేబరాన్ని సున్నం చల్లి లోతుగా పూడుస్తారు, చుట్టుపక్కల మందలకు స్టెర్న్ టీకా వేస్తారు.