మెకానిక్కులకు అన్నము పెట్టిన లోపము

ఒక యంత్రమునందలి లోపమే ఒక వృత్తిని పోషించుట చరిత్రలో అరుదు కాదు గాని, అమెరికా కార్ల ట్యూనింగు విషయమున జరిగినంత స్పష్టముగా అది మరియొకచోట జరిగినట్లు నాకు తోపదు. ఓహాయో రాష్ట్రమునందలి డేటన్ నగరమున, ఎడ్వర్డ్ డీడ్స్ అను మిత్రుని ఇంటి వెనుకటి కొట్టములో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతి, 1910 నాటి కాడిలాక్ కార్లతో ప్రవేశించి, క్రమముగా ఆ దేశపు కార్లన్నింటికిని ఆధారమయ్యెను. ఫోర్డు టి మోడలు మాత్రము 1927లో నిలిచిపోవువఱకును తన నాలుగు కాయిళ్ళ పెట్టెను విడువలేదు. స్టీరింగు చెంతనున్న మీటతో రవ్వ పడు వేళను ముందువెనుకలు చేయుభారము డ్రైవరుదే.

కెట్టరింగు పద్ధతి సులభమైనది. డిస్ట్రిబ్యూటరు నడుమ తిరుగు క్యాము తన కోణములతో నెట్టినపుడెల్ల, పాయింట్లనబడు రెండు టంగ్‌స్టన్ బిళ్ళలు విడిపోవును. అవి విడిపోయిన క్షణమున కాయిలులోని ప్రవాహము ఒక్కపెట్టున తెగి, వేలకొలది వోల్టుల ఉధృతితో ప్లగ్గు కొనయందు రవ్వయై మెఱయును. ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునెడల ఆ బిళ్ళలు 12,000 మార్లు విడివడవలెను. ఇన్ని మార్లు రవ్వ తగిలిన లోహము గుంటలు పడక యుండునా? క్యామును రాచుకొను దిమ్మె అరుగును, గ్యాపు తగ్గును, రవ్వ ఆలస్యమగును. కెట్టరింగు వద్ద పనిచేయుచునే థామస్ మిడ్జ్లీ 1921లో కనిపెట్టిన సీసపు రసాయనము పెట్రోలులో కలియుటతో ప్లగ్గులకు మురికి పట్టుటయు హెచ్చెను. ఈ అరుగుదలయే ఊరూర గ్యారేజీలకు జీవనాధారము.

1955లో షెవ్రొలే సంస్థ వెలువరించిన 265 ఘనాంగుళముల వి-8 ఇంజనుకు ట్యూనింగు చేయు మెకానిక్కు మొదట ప్లగ్గులు విప్పి వాని కొనల వన్నె చూచును: లేత గోధుమవన్నె ఆరోగ్యము, పొడి మసి పట్టినచో కార్బురేటరు పెట్రోలు అధికముగా పోయుచున్నదని అర్థము. తరువాత ఫీలర్ గేజితో క్రొత్త పాయింట్లకు 0.019 అంగుళము గ్యాపు పెట్టును. గేజి లేనివారు అగ్గిపెట్టె అట్టముక్కతో గడుపుకొనుటయు కలదు. గ్యాపు మాఱిన టైమింగు మాఱును గనుక ఈ వరుస తప్పరాదు. పిమ్మట టైమింగ్ లైటు వెలుగునందు, గిరగిర తిరుగుచున్న ఇంజను ముందరి చక్రముపైని గీత కదలక నిలిచినట్లు కానవచ్చును. డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి త్రిప్పి ఆ గీతను గుర్తునకు చేర్చును. కార్బురేటరు మరలు కడపటివి. 1957 నుండి ఆ సంస్థ డిస్ట్రిబ్యూటరు మూతకు చిన్న కిటికీ పెట్టి, ఇంజను నడచుచుండగనే పాయింట్లను సరిచేయు వీలు కల్పించినది. ఆ కాలపు సదుపాయములలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

1970 నాటి వాయుశుద్ధి చట్టము ఈ వృత్తికి గొడ్డలిపెట్టు. పొగను అదుపులో నుంచవలెనన్న రవ్వ నెలలతరబడి నిలుకడగా పడవలెను, అరిగెడి పాయింట్లకు అది అసాధ్యము. 1973లో క్రైస్లరును, 1975లో జనరల్ మోటార్సును ఎలక్ట్రానిక్ పద్ధతికి మాఱెను.

నేడు పాత కార్ల యజమానులలో కొందఱు పాతమూత క్రిందనే ఎలక్ట్రానిక్ పరికరమును దాచుచున్నారు, కొందఱు పాయింట్లనే నమ్ముకొనియున్నారు. నా పక్షపాతము రెండవవారియందే: పాయింట్లు నల్లబడినచో దారిప్రక్కన సన్నని ఆకురాయితో రాచి ఇల్లు చేరవచ్చును, ఆ పరికరము కాలినచో కారును మరియొక బండికి కట్టి లాగించుకొనవలసినదే.