నిజామాబాదు మార్గాలలో విద్యుత్ రైళ్ల కేటాయింపు: ముందుగా అంచనా వేయు విధానము

కొత్త రైల్వే టైంటేబుల్ వెలువడిన ప్రతిసారి, విద్యుత్ తీగలు వేసిన మార్గంలో ఇంకనూ డీజిల్ రైలు ఎందుకు నడుస్తున్నదని జిల్లా విలేఖరులు, మండల అధికారులు ప్రశ్నించుట పరిపాటి. ఏ రైలుకు ఏ బోగీల వరుసను (రేకు) కేటాయించెదరో ముందుగా గ్రహించుటకు ఉపకరించు సమాచారాన్ని ఇక్కడ పొందుపరచడమైనది.

భీమ్‌గల్ పట్టణానికి రైల్వే స్టేషను లేదు. ఇక్కడి ప్రయాణికులు మోర్తాడు, ఆర్మూరు స్టేషన్లపై ఆధారపడి ఉన్నారు. ఈ రెండును 1993లో మంజూరై 2017 మార్చిలో పూర్తియైన పెద్దపల్లి-నిజామాబాదు మార్గంలో ఉన్నాయి. ఆనాడు ఈ మార్గంలో తీగలు లేనందున డీజిల్ రైళ్లే నడిచినవి. ప్రధాన మార్గంలో ధర్మాబాదు-మనోహరాబాదు విద్యుదీకరణను 2023 అక్టోబరు 3న నిజామాబాదులో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. అనంతరం రాష్ట్రంలోని బ్రాడ్‌గేజి మార్గమంతా విద్యుదీకరణ పొందినట్లు రైల్వే శాఖ ప్రకటించింది.

అంచనాకు మొదటి ఆధారం రైలు సంఖ్య. 2010 డిసెంబరు నుండి అమలులోనున్న ఐదంకెల విధానంలో 5తో మొదలగునది ఇంజను లాగు సాధారణ పాసింజరు, 6 మెము, 7 డెము. వీటిలో రెండవ అంకె జోనును తెలుపును; దక్షిణ మధ్య రైల్వేకు అది 7. కావున 67తో మొదలైన సంఖ్య విద్యుత్ మెమును, 77తో మొదలైనది డీజిల్ డెమును సూచించును. కోవిడ్ అనంతరం పాసింజర్లు సున్నాతో మొదలగు ప్రత్యేక సంఖ్యలతో నడిచిన కాలంలో ఈ ఆధారం లేకపోయినది. 2025 జనవరి 1 నుండి అమలైన టైంటేబుల్ నాటికి పాత పద్ధతి చాలావరకు తిరిగి వచ్చినది. అయితే రేకు కొరత ఏర్పడినప్పుడు సంఖ్య మారకుండానే రేకు మారవచ్చును. 5తో మొదలైన సంఖ్య ఇంజను డీజిలో, విద్యుత్తో తెలుపదు.

సంఖ్య కంటె ముఖ్యమైనది రేకు లింకు. ఒక రేకు ఒక రైలుగా గమ్యం చేరి, అక్కడినుండి మరొక సంఖ్యతో బయలుదేరును. ఈ చక్రంలో ఒక్క ప్రయాణం తీగలు లేని మార్గంలో ఉన్నను మొత్తం లింకు డీజిలుగానే ఉండవలెను. డెము ఎక్కడికైనను పోగలదు. 25 కిలోవోల్టుల తీగ లేనిదే మెము కదలదు. 2023 అక్టోబరులో కరీంనగర్-నిజామాబాదు రైలును బోధన్ వరకు పొడిగించిన సందర్భంలో వలె, ఒక చిన్న శాఖా మార్గం చేరినను లింకు మొత్తాన్ని పునఃపరిశీలించవలసి వచ్చును.

మూడవది నిర్వహణ. రేకు నియమిత కాలానికి షెడ్డుకు చేరవలెను. అందుచేత లింకు సికిందరాబాదు ప్రాంతాన్ని తాకు రైళ్లకు మెము ముందుగా దక్కుటకు అవకాశం హెచ్చు. కొద్ది దూరం తిరుగు బోధన్ వంటి శాఖా రైళ్లకు ఆలస్యం కావచ్చును. ఇది నియమం కాదు, అంచనా మాత్రమే.

మెము వచ్చినంత మాత్రాన ప్రయాణకాలం తగ్గునని వ్రాయుట తొందరపాటు. మెము వేగం త్వరగా అందుకొనును. కాని ఒంటి లైనుపై ఎదురు రైలు కొరకు వేచియుండు సమయం దానివలన తగ్గదు. ముద్ఖేడ్-మేడ్చల్, మహబూబ్‌నగర్-డోన్ మార్గాల డబ్లింగుకు (సుమారు 418 కి.మీ., రూ.5,655 కోట్లు) 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది. ఆర్మూరు, మోర్తాడు స్టేషన్లు ఈ మార్గంలో లేవు. కావున పసుపు రైతులు, విద్యార్థులు మొదట అడుగవలసినది రేకు రకం కాదు. ఉదయం, సాయంత్రం అనువైన వేళలు, తగినన్ని బోగీలు. మెము ప్రాథమిక యూనిటులో నాలుగు బోగీలు ఉండును. రెండు యూనిట్లు కలిపిరా, మూడు కలిపిరా అను విషయం కేటాయింపు ఉత్తర్వులో చూడవలెను.