మడుగున మిగిలిన మీనము

పెన్నయు పాపాగ్నియు వర్షకాలమున నదులు. ఎండలు ముదిరిన పిమ్మట ఇసుకదారులు. అట్టి నదులలో మత్స్యజాతి యుగయుగములుగా ఎట్లు నిలిచినదని అడిగినచో, రాతిగట్ల నీడలలో వేసవి యంతయు నీరు వదలక దాచుకొన్న మడుగుల వలననే యని చెప్పవలయును. జమ్ము మొలచిన మడుగే జమ్మలమడుగైనదని పెద్దలు చెప్పుదురు. మీనమునకు కావలసిన రెండును ఆ పేరులోనే యున్నవి.

కొర్రమీను, మార్పు అను చేపలు గాలి పీల్చి బురదలోనైనను కొన్నాళ్లు ప్రాణము నిలుపుకొనగలవు. వాలుగకు ఆ ఉపాయము లేదు. దానికి లోతు కావలయును. నేడు ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము వాలుగను ముప్పు గల జాతులలో చేర్చినది. కొర్రమీనుకు మాత్రము నిర్భయము కలదా? తొలకరి వెనుక దాని పిల్లలు నీటిపై కుంకుమ చల్లినట్లు ఎఱ్ఱగా గుంపుగూడి, ఒక్క గుక్క గాలి పీల్చి మునుగుచుండును. వాని క్రిందనే తల్లిదండ్రులు కావలి కాయుచుండును. ఆ ఎఱ్ఱదనమునే ఆనవాలుగా గొని పెద్దచేపను పట్టుట కంటె క్రూరమైన వేట నాకు తోపదు.

ఆనకట్టల కథ వేఱు. పెన్నపై నెల్లూరు ఆనకట్ట 1855లోను, సంగము ఆనకట్ట 1886లోను వెలసెను. కర్నూలు కడప కాలువకై ఆదినిమ్మాయపల్లె వద్ద మఱియొక అడ్డుకట్ట లేచెను. పైరు పండెను, నిజమే; కాని కొత్తనీటికి ఎదురెక్కి గ్రుడ్లు పెట్టు చేపకు దారి మూసికొనెను. మద్రాసు సైన్యమున వైద్యుడై, పిదప మత్స్యశాస్త్రమునకే జీవితము ధారవోసిన ఫ్రాన్సిస్ డే, 1873 నాటి నివేదికలో ఈ కీడునే చూపి, ఆనకట్టలలో చేపలకు దారి విడువవలెననియు, వలకన్నులు మఱీ సన్నగా ఉండరాదనియు కోరెను. 1897 నాటి మత్స్య చట్టము మందుగుండును విషమును మాత్రము నిషేధించినది. దారి మాట ప్రక్కకు పోయెను.

కడప సీమలో పూర్వము చెరువును కట్టి కాపాడు వారికి దశబంధ మాన్యము లిచ్చెడివారు. పూడిక తీయువాడు పైరు కొఱకే తీసెను గాని, ఆ లోతున చేపయు బ్రదికెను. మాన్యములు పోయిన వెనుక పూడిక పేరుకొనెను. నదిలోనో, ఇసుక తవ్విపోయగా మడుగుల రూపమే మాఱినది.

ఇప్పుడు కృష్ణాజలము గండికోటకును, వీరపునాయునిపల్లె దాపున సర్వరాయసాగరమునకును వచ్చుచున్నది. సంతోషమే, కాని తోడిన కొలది దిగు జలాశయము, జమ్ము మొలచు మడుగు కాజాలదు. పాపాగ్నిలో ఒక్క మడుగునైనను దాని లోతుతో, దాని జమ్ముతో వేసవి దాటనిచ్చినచో, తొలకరినాడు వాలుగ ఎక్కడినుండియో రానక్కఱలేదు, అచటనే యుండును.